ఊరికి పోవడానికి ఒక తట్ట బొగ్గు

మారుతీ 800 ఇంజిన్ 796 సీసీ అనీ, దానికి మూడే సిలిండర్లనీ నాకు ఆరో తరగతిలోనే తెలుసు. అంబాసిడర్‌లో వచ్చే ఇసుజు పెట్రోల్ ఇంజిన్ 1817 సీసీ అనీ తెలుసు. ఆ రెండింట్లో ఏదో ఒకదానిలో కూర్చోవడానికి మాత్రం ఇంటర్ దాకా ఆగాల్సి వచ్చింది. గోదావరిఖనిలో మాలాంటి పిల్లల కార్ల పరిజ్ఞానం ఇలాగే ఉండేది. చదివింది ఎక్కువ, ఎక్కింది తక్కువ. కరీంనగర్ వెళ్లినప్పుడు పాత ‘ఆటోకార్ ఇండియా’, ‘ఓవర్‌డ్రైవ్’ సంచికలు దొరికితే నవలలు చదివినట్టు చదివేవాణ్ని. టర్నింగ్ రేడియస్, గ్రౌండ్ క్లియరెన్స్, సున్నా నుంచి వందకు ఎన్ని సెకన్లు, అన్నీ పద్యాల్లాగా కంఠతా వచ్చేవి.

ఇప్పుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. సెకండ్ హ్యాండ్‌లో కొన్న చిన్న హ్యాచ్‌బ్యాక్ ఒకటి ఉంది. ఆఫీసుకి, కూరగాయలకి, రెండు మూడు నెలలకోసారి ఊరికి అదే. అయినా రాత్రి పడుకునే ముందు కార్ల రివ్యూలు చూడటం మానలేదు. కొనబోయే కార్లవి కాదు, ఎన్నటికీ కొనలేనివి. ఈ అలవాటున్నవాళ్లకి వివరించక్కర్లేదు, లేనివాళ్లకి ఎంత చెప్పినా ఎక్కదు. కారు ఉండటం వేరు, కార్ల మీద మనసుండటం వేరు.

ఈ రెండింటికీ తోడు మూడోది ఒకటుంది. బండిని ఎరగడం. అది నాకు లేదు, మా బాపుకి ఉంది. ఆయన ఇరవై నాలుగేళ్లు సింగరేణి ఓపెన్‌కాస్టులో డంపర్ నడిపాడు. కాగితాల మీద ఈపీ ఆపరేటర్. ఆయన పేరు మీద ఇప్పటిదాకా రిజిస్టరైన బండి ఒక్క స్కూటరే.

డంపర్‌ని దగ్గర్నుంచి చూడనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. రోడ్డు మీద కనిపించే లారీ, టిప్పర్ లాంటిది కాదది. మనిషి ఎత్తును దాటిన టైర్లు. క్యాబిన్‌లోకి వెళ్లాలంటే నిచ్చెన ఎక్కాలి. బాపు ఎక్కువ కాలం నడిపింది అరవై టన్నులు మోసే బీఈఎంఎల్ బండి. షావెల్ కింద నిలబెడితే నాలుగైదు బకెట్లలో నిండుతుంది. ఆ బరువుతో గుంతలోంచి బెంచీలు ఎక్కుతూ పైకొచ్చి, ఓబీ మట్టయితే డంప్ యార్డులో, బొగ్గయితే క్రషర్ దగ్గర పోసి, మళ్లీ ఖాళీగా కిందికి దిగాలి. ఎనిమిది గంటల షిఫ్టులో ఇదే. ఇంతటి బండి ఊళ్లోకి మాత్రం రాదు. మా వీధి పిల్లలకు మా నాయనలు నడిపే బండ్లు ఎంతుంటాయో తెలిసింది దసరాకే. ఆయుధపూజ రోజు పసుపు కుంకుమలు, బంతిపూల దండలతో నిలబెట్టినప్పుడు టైరు పక్కన నిలబడి ఎత్తు కొలుచుకునేవాళ్లం.

ఓసారి నాకు లెక్క కట్టాలనిపించింది. బాపు చెప్పిన దాన్ని బట్టి షిఫ్టుకు సుమారు 12 ట్రిప్పులు. పోనూ రానూ సుమారు 5 కిలోమీటర్లు. అంటే రోజుకు 60. ఏడాదికి 270 మస్టర్లు అనుకుంటే 16,200. ఇరవై నాలుగేళ్లకు 3,88,800 కిలోమీటర్లు. భూమి నుంచి చంద్రుడి సగటు దూరం 3,84,400. ఫోన్‌లో ఈ అంకెలు చూపించి, “బాపూ, నువ్వు చంద్రుని దాకా పోయినవ్” అన్నాను. ఆయన ఒక నిమిషం చూసి, “గోదారి దాటలే బిడ్డా” అన్నాడు.

జోక్‌గానే అన్నాడు. నాకు మాత్రం అది మనసులో ఉండిపోయింది. మనం కార్ల గురించి రాసే, చదివే మాటల్లో దూరం అంటే స్వేచ్ఛ. కారు ప్రకటన ఏదైనా తీసుకోండి, కొండ మలుపో సముద్రపు ఒడ్డో ఉంటుంది. కారు కల అంటే ఎక్కడికో పోయే కల. మా ఇంట్లో మూడు లక్షల ఎనభై ఎనిమిది వేల కిలోమీటర్లు నడిపిన మనిషికి ఆ దూరమంతా ఒకే రెండున్నర కిలోమీటర్ల మట్టిరోడ్డు. ఆయన డంపర్ మీద ఉన్న కాలంలోనే నేను ఖని చౌరస్తాలోని నెట్ సెంటర్‌లో గంటకు ఇరవై రూపాయలిచ్చి ‘నీడ్ ఫర్ స్పీడ్’ ఆటలో మెక్‌లారెన్ ఎఫ్‌1 నడిపేవాణ్ని. ప్రపంచం మొత్తం మీద 106 మాత్రమే తయారైన కారు. డ్రైవర్ సీటు మధ్యలో ఉంటుంది. 1998లో గంటకు 386 కిలోమీటర్ల వేగంతో రికార్డు పెట్టింది. అది నాకు బాపు డంపర్ కంటే బాగా తెలుసు.

*

సింగరేణి కాలనీల్లో ఒకప్పుడు బండిని చూసి మనిషిని చెప్పేవాళ్లు. సైకిలు హ్యాండిల్‌కి టిఫిన్ డబ్బా తగిలించుకుని పోతే కార్మికుడు. స్కూటరైతే క్లర్కో ఓవర్‌మెనో. జీపైతే మేనేజర్. తెల్ల అంబాసిడరైతే జీఎం. ఎవరూ రాసిపెట్టని రూలు, అందరికీ తెలిసిన రూలు. జీఎం బండి కాలనీ గుండా పోతుంటే క్రికెట్ ఆపి పక్కకు జరిగేవాళ్లం. నాకేమో దాని సస్పెన్షన్ స్పీడ్ బ్రేకర్ మీద ఎలా ఊగుతుందో చూడాలని ఉండేది. నా పక్కనున్న పెద్దవాళ్లు లోపల కూర్చున్నదెవరో చూసేవాళ్లు.

ఇంకో రకం జీపు కూడా ఉండేది. తొంభైల్లో మా వైపు రాత్రి పది దాటాక నంబరు కనబడని జీపు కాలనీలో ఆగిందంటే ఇళ్లల్లో లైట్లు ఆరిపోయేవి. ఎవరిదని అడిగేవాళ్లు లేరు. ఆ వయసులోనే నాకు డీజిల్ ఇంజిన్ శబ్దాన్ని బట్టి ఏ బండో చెప్పడం వచ్చింది. ఆ విద్యను నేను తర్వాత స్నేహితుల దగ్గర గొప్పగా ప్రదర్శించేవాణ్ని గానీ, అసలు అది నేర్పింది మాత్రం ఆ రాత్రులే.

ఫ్రెంచి విమర్శకుడు రోలాఁ బార్త్ 1957లో వచ్చిన ‘మిథాలజీస్’ పుస్తకంలో అప్పటి కొత్త సిట్రోయెన్ కారు మీద ఒక చిన్న వ్యాసం పెట్టాడు. మధ్యయుగాల్లో గోతిక్ చర్చిలు ఎలాంటివో ఈ కాలానికి కార్లు అలాంటివని అందులో ఆయన వాదన. ఎవరో పేరు తెలియని పనివాళ్లు ప్రాణం పెట్టి తయారుచేస్తే, వాడేవాళ్లు కొందరే అయినా, జనమంతా దాన్ని బొమ్మగానైనా అనుభవిస్తారు. బీటెక్‌లో ఉండగా ఇది చదివి ఎగిరి గంతేశాను. కారు లేని కార్ల పిచ్చోడికి అంతకంటే గౌరవమైన సమర్థన ఎక్కడ దొరుకుతుంది? కార్లను బొమ్మలుగా అనుభవించడమే గదా నేను చేస్తున్నది!

ఇప్పుడు చదివితే అందులో ఒక మనిషి కనిపించడు. చర్చి కట్టినవాడున్నాడు, చూసి మురిసేవాడున్నాడు. ఆ గంటను రోజూ మోగించేవాడు లేడు. యంత్రంతో రోజుకు ఎనిమిది గంటలు గడిపి, దాని మీద అన్నం తినేవాడికి ఆ యంత్రం దేవాలయంలా కనబడుతుందా? బాపుని అడిగాను, నీకు డంపర్ అంటే ఇష్టమేనా అని. ప్రశ్న ఆయనకు అర్థం కాలేదు. “ఇష్టమేంది? మంచి బండైతే మంచి బండి” అన్నాడు. తర్వాత తనే కొంతసేపటికి, ఏ బండి ఎక్కుడులో ఎక్కడ ఆయాసపడేదో, ఏది చలికాలం పొద్దున మొండికేసేదో, షిఫ్టు మొదట్లో చుట్టూ ఒక తిప్పు తిరిగితే ఏ టైరు ఎంత మెత్తబడిందో కంటితోనే ఎలా తెలిసేదో చెప్పుకుంటూ పోయాడు. బండ్లను నంబర్లతోనే గుర్తుపెట్టుకున్నాడు, మనం బడిలో పక్క బెంచీవాళ్లను గుర్తుపెట్టుకున్నట్టు. నేను చదివిన వందల రివ్యూల్లో అంత వివరం ఉన్నవి చాలా తక్కువ. ఆయన మాత్రం దాన్ని ఇష్టమనడు.

అప్పుడు నాకొకటి తోచింది. యంత్రాన్ని ప్రేమించడానికి తీరిక కావాలి. ఆ తీరిక నాకు దొరికింది ఆయన షిఫ్టుల వల్లే. నేను కార్లను యంత్రాలుగా చూస్తాను, ఎందుకంటే ఏ యంత్రమూ నాకు అన్నం పెట్టలేదు, ల్యాప్‌టాప్ తప్ప. ఆయనకు యంత్రం అంటే డంపర్. కారు అంటే యంత్రం కానే కాదు, హోదా. ఒకే వస్తువు గురించి మాట్లాడుకుంటున్నామని అనుకుంటూ మేమిద్దరం ఇన్నేళ్లు రెండు వస్తువుల గురించి మాట్లాడుకున్నాం.

*

హోదా సంగతి ఎంత బలమైనదో నానో కారు చూపించింది. 2008 జనవరిలో ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో రతన్ టాటా దాన్ని చూపించిన రోజు నేను హాస్టల్ టీవీ ముందు నుంచి కదల్లేదు. స్కూటర్ మీద నలుగురు తడుస్తూ పోయే కుటుంబానికి లక్ష రూపాయల కారు. ఇంజినీరింగ్‌గా చూస్తే అబ్బురం. 624 సీసీ, రెండు సిలిండర్లు, ఇంజిన్ వెనకాల. ఇది వస్తే మా కాలనీలో ప్రతి క్వార్టర్ ముందూ ఒకటుంటుందనుకున్నాను. సింగరేణిలో ఏటా దసరా ముందు లాభాల వాటా, దీపావళికి బోనస్ పడతాయి. ఆ నెలలో ఖనిలో బంగారం షాపులు, బండ్ల షోరూములు కిటకిటలాడతాయి. డబ్బు లేక కాదు. కానీ నానో కొన్నవాళ్లు మా చుట్టుపక్కల వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. “లక్ష కారంట గదా” అనే మాట అంటించుకోవడానికి ఎవరూ సిద్ధంగా లేరు. జీఎం అంబాసిడర్‌ను పక్కకు జరిగి చూసిన తరం కారు కొంటే, తనను కూడా ఎవరైనా పక్కకు జరిగి చూడాలని కొంటుంది. అందరికీ అందే కారులో ఆ పని జరగదు. 2018 వచ్చేసరికి నానో తయారీయే ఆగిపోయింది.

ఇప్పటి ఖనిలో క్వార్టర్ల ముందు కార్లకు కొదవ లేదు. 2024లో, విస్తరణ కోసం పక్కన పెట్టగా మిగిలిన లాభంలో 33 శాతం, అంటే 796 కోట్లు కార్మికులకు పంచారు. సగటున మనిషికి లక్షా తొంభై వేలు. అది ఒక కారు డౌన్‌పేమెంట్. అదే ఏడు కాంట్రాక్టు కార్మికులకు కూడా మొదటిసారి ఇచ్చారు, తలా 5,000. అది రెండు టైర్ల ఖరీదు. ఓబీ మట్టి తీసే పని చాలావరకు ఇప్పుడు ప్రైవేటు కాంట్రాక్టర్ల టిప్పర్లదే. బాపు చేసిన పనిలాంటిదే చేస్తున్న కుర్రాడొకడు మా గల్లీలోనే ఉన్నాడు. బండిని ఎరిగినవాళ్లు, బండి ఉన్నవాళ్లు వేరువేరుగా ఉండటం మా ఊళ్లో కొత్తేం కాదు. ఇప్పుడు ఆ గీత ఒకే గుంతలో, పక్కపక్కన నడిచే రెండు బండ్ల మధ్య కూడా ఉంది.

*

ఏడాదిగా నా తల్లో తిరుగుతున్నది ఎలక్ట్రిక్ కారు. తెలంగాణలో 2024 నవంబరు నుంచి 2026 చివరి దాకా ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. పదిహేను లక్షల కారు మీద అది చిన్న మొత్తం కాదు. స్ప్రెడ్‌షీట్ వేశాను. కిలోమీటరుకు ఎంత, ఐదేళ్లకు ఎంత, బ్యాటరీ వారంటీ ఎంత. అన్ని గళ్లూ నింపాక ఒక గడి మిగిలింది. ఆ కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది?

సమాధానం మా డాబా ఎక్కితే కనబడుతుంది. రామగుండం ఎన్టీపీసీ చిమ్నీలు. మొదటి యూనిట్ 1983లో మొదలైంది, పాత ప్లాంటు మొత్తం 2,600 మెగావాట్లు. దాని పక్కనే ఇప్పుడు తెలంగాణ ప్రాజెక్టు పేరుతో మరో 1,600. ఓపెన్‌కాస్టులో తీసిన బొగ్గు రైల్లో అక్కడికి పోతుంది, కరెంటై పెద్ద లైన్ల మీద హైదరాబాద్ పోతుంది. నా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ప్లగ్ పెడితే వచ్చేది అందులోదే కావచ్చు.

ఇక్కడ మా తాత కూడా వస్తాడు. ఆయన అరవైల్లో ఊరు విడిచి వచ్చి బాయి దిగాడు. ఫిల్లర్. తట్టా చెమ్మసూ ఆయన పనిముట్లు. పేల్చిన బొగ్గును తట్టలోకి ఎత్తి, మోసి, టబ్బు నింపాలి. ఆయన ఉద్యోగమే తర్వాత బాపుకి వచ్చింది. తట్టకు పాతిక, ముప్పై కిలోలు పట్టేదని తాత చెప్పేవాడట.

నా లెక్క ఇది. హైదరాబాద్ నుంచి గోదావరిఖనికి దాదాపు 230 కిలోమీటర్లు. రాజీవ్ రహదారి మీద మామూలు వేగంతో పోతే నేను చూస్తున్న కారుకు 35 యూనిట్ల దాకా ఖర్చవుతుంది. మన దగ్గర బొగ్గు ప్లాంట్లలో యూనిట్‌కి దాదాపు 700 గ్రాముల బొగ్గు కాలుతుంది. లైన్లలో, చార్జింగ్‌లో పోయేదీ కలుపుకుంటే మొత్తం 28 కిలోల చిల్లర. అంటే, కరెంటంతా బొగ్గుదే అనుకుంటే, నేను ఊరికి పోవడానికి పట్టేది ఒక తట్ట బొగ్గు.

పర్యావరణం కోసమే కొంటున్నానని చెప్పుకుంటే ఈ లెక్క ఊరుకోదు. ఇదే దూరానికి నా పాత హ్యాచ్‌బ్యాక్ 13 లీటర్ల పెట్రోలు తాగుతుంది. లీటరుకు 2.3 కిలోల చొప్పున 30 కిలోల కార్బన్ డయాక్సైడ్, ఆ పెట్రోలు శుద్ధి చేసి తేవడానికి అయ్యేది అదనం. పూర్తిగా బొగ్గు కరెంటైతే ఎలక్ట్రిక్ కారు దీనికి తీసిపోదు, ఒక్కోసారి మించుతుంది కూడా. నిజంగా లాభం రావాలంటే గ్రిడ్‌లో ఎండా గాలీ వాటా పెరగాలి. పెరుగుతోంది. అదే ఎన్టీపీసీ రిజర్వాయర్ నీళ్ల మీద 100 మెగావాట్ల సోలార్ పలకలు 2022 నుంచి తేలుతున్నాయి. పెట్రోలు కారు ఎంత పాతబడితే అంత పొగ. ఎలక్ట్రిక్ కారు మాత్రం తను మారకుండానే, దాని వెనకున్న కరెంటు మారిన కొద్దీ శుభ్రపడుతుంది. ఆ ఒక్క గుణం నాకు చాలు అనుకున్నాను. అయితే కరెంటు అలా మారడమంటే మా ఊరి పని తగ్గడం అని కూడా నాకు తెలుసు. నేను ఆశపడే మార్పుకు మా గల్లీ ధర కడుతుంది.

మొన్న సంక్రాంతికి స్నేహితుడి ఎలక్ట్రిక్ కారు అడిగి తీసుకుని ఊరికి పోయాను. బాపుని ఎక్కించుకుని బసంత్‌నగర్ టోల్ గేటు దాకా వెళ్లొద్దామన్నాను. స్టార్ట్ చేస్తే, “షురూ అయిందా?” అని అడిగాడు. కదిలాక ఒక కిలోమీటరు దాకా ఏం మాట్లాడలేదు. చెవి ఎటో పెట్టి వింటున్నాడు, వినడానికి అక్కడేమీ లేదు. ఒకచోట నేను యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాను. బ్రేకు ముట్టకుండానే బండి మెల్లబడింది. ఆయన వెంటనే తిరిగి చూశాడు.

“ఇది రిటార్డర్ గదరా.”

నిజమే. డంపర్‌ని కిందికి దింపేటప్పుడు మామూలు బ్రేకుల మీదే ఆధారపడితే అవి వేడెక్కి చేతులెత్తేస్తాయి. అందుకే రిటార్డర్. అక్కడ ఆ శక్తి నూనెలో వేడై పోతుంది. ఇక్కడ మోటారు తిరగబడి దాన్ని మళ్లీ బ్యాటరీలో పోస్తుంది. రీజనరేటివ్ బ్రేకింగ్ మీద నేను గంటలకొద్దీ వీడియోలు చూశాను. ఆయనకు ఒక సెకను పట్టింది, అదీ వీపుకి తెలిసింది. మిగతా శక్తి బ్యాటరీకి పోతుందని చెబితే, “మంచిగుంది. గప్పుడు గిది ఉంటే ఎంత డీజిల్ మిగులు” అన్నాడు.

“నడుపుతవా బాపూ?” అన్నాను, లైసెన్సు ఉంది గదా అని.

“ఇరవై నాలుగేండ్లు స్టీరింగు ముంగట కూసున్న. ఇగ పక్కకు కూసుంట.”

ఇంటికొచ్చాక అసలు మాట బయటపెట్టాడు. గ్రాట్యుటీలో దాచిన డబ్బుంది, నీ డబ్బులకు కలిపి ఇన్నోవా తీసుకో అన్నాడు. నేను గల్లీ వెడల్పు చెప్పాను, ఇన్నోవా టర్నింగ్ రేడియస్ 5.4 మీటర్లని చెప్పాను, డాబా మీద స్లాబ్ కారుతోందని చెప్పాను. అమ్మ స్లాబ్ మాట దగ్గర నా వైపుకొచ్చింది. ఆయన అన్నీ విని, “గల్లీ మొకానికి ఆపితే అందరు చూడరా?” అన్నాడు. వాదించలేదు నేను. కారు గురించి ఆయనకున్న కల అది. నాది మెక్‌లారెన్‌తో మొదలైనప్పుడు ఆయన నవ్వలేదు.

చివరికి డబ్బు స్లాబ్‌కే పోయింది. ఇన్నోవా ఆయన కలల్లో ఉంది, ఉండనీ. ఎలక్ట్రిక్ కారుకు ఆయన పెట్టిన షరతు ఒక్కటే. “కరెంటు ఈడిదే గదా. ఈడ్నే నింపుకొని పో.” నేను హైదరాబాద్ తిరిగొచ్చిన వారానికే ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి, బయటి గోడకు ఎర్తింగ్‌తో సహా 15 యాంప్స్ పాయింట్ పెట్టించి ఫోటో పంపాడు.

నేను ఇంకా కారు బుక్ చేయలేదు. స్ప్రెడ్‌షీట్‌లో రెండు మోడళ్ల మధ్య ఆగాను. ఈలోగా ఆ పాయింట్ ఖాళీగా లేదు. టిప్పర్ నడిపే కుర్రాడు ఈమధ్య ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్నాడు, నైట్ షిఫ్ట్ దిగి వచ్చి దాన్ని మా గోడకు తగిలించి పోయి పడుకుంటాడు. బాపు పొద్దున్నే లేచి దాని చుట్టూ ఒక తిప్పు తిరిగి టైర్లు చూస్తాడట. వెనక టైరు మెత్తగుందని ఆ అబ్బాయికి చెప్పమని నిన్న నాకు ఫోన్ చేశాడు. నిద్ర లేపడం ఇష్టం లేక.